డ్రిప్పు రాయితీతో పాటు ఫిల్టరు బాగోగులూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి దగ్గర పడుతుండగా డ్రిప్పు రాయితీల గురించి, దరఖాస్తుల గడువుల గురించి, ఏ మండలానికి ఎన్ని హెక్టార్లు మంజూరయ్యాయన్న దాని గురించి మన పత్రికల్లో తరచుగా వార్తలు వస్తుంటాయి. అవన్నీ మాకు అక్కరకు వచ్చే వార్తలే. అయితే ఒకసారి బిగించిన డ్రిప్పు నాలుగేళ్ల తర్వాత ఏ స్థితిలో ఉందో చెప్పే వార్త మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. అనంతపురం జిల్లా నార్పల మండలంలో నాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. పదకొండేళ్లుగా దానికి డ్రిప్పుతోనే నీళ్లు పెడుతున్నాను. మొదటి ఆరేళ్లు, పైపుల్లోకి పోయే నీళ్లను వడకట్టే ఫిల్టరును పట్టించుకోక నష్టపోయి, ఈ అయిదేళ్లుగా దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటూ తోటను నిలబెట్టుకున్నవాడిని కాబట్టి ఈ ఉత్తరం రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల మీద, వందల అడుగుల లోతు నుంచి ఇంచు, ఇంచున్నర నీళ్లు తోడుకుంటూ పండ్ల తోటలు పెంచగలుగుతున్నామంటే అది బిందుసేద్యం చలవే. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. రాయలసీమలోని సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం దాకా రాయితీ అందడంతో చీనీ, దానిమ్మ, అరటి, బొప్పాయి, చివరికి టమోటా మళ్లకు కూడా నల్ల పైపులు వచ్చాయి. నా తోటలోని పైపులు కూడా ఆ రాయితీతో వచ్చినవే. ఆ మేలును తక్కువ చేయడానికి ఈ నాలుగు మాటలూ రాయడం లేదు. అంత ఖర్చుతో వచ్చిన మేలు నాలుగేళ్లకే నీరుగారిపోకూడదన్న తపనతో రాస్తున్నాను.

అయిదేళ్ల కిందట మా తోటలో పడమటి వైపు చెట్లు మొదట ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత పసుపు రంగుకు తిరిగాయి. కాయ నిమ్మకాయంత సైజులోనే ఆగిపోయింది. చిటారు కొమ్మలు ఎండడం చూసి వేరుకుళ్లు అనుకున్నాను. దుకాణంలో చెప్పిన మందులన్నీ తెచ్చి రెండు నెలలపాటు మొదళ్లలో పోశాను. గుణం కనిపించలేదు. ఒకరోజు పక్క పొలం పెద్దాయన తోటంతా తిరిగి చూసి, "మందుల సంగతి తర్వాత చూద్దువులే నాయనా, ముందు ఈ చెట్లకు ఎన్ని నీళ్లు పడతాండాయో కొలిచి చూడు" అన్నారు. మాకు చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి గంటకు 8 లీటర్లు, అంటే నిమిషానికి 133 మిల్లీలీటర్లు ఇవ్వాలి. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత, ఒక ఖాళీ గ్లాసు, చేతి గడియారం పట్టుకుని కొలుస్తూ పోయాను. ఫిల్టరుకు దగ్గరలో ఉన్న చెట్ల కింద నిమిషానికి 120 దాకా వచ్చాయి. పడమటి గట్టు దగ్గర 30 మిల్లీలీటర్లు వచ్చాయి. మూడు గంటలు మోటారు ఆడితే 96 లీటర్లు తాగుతున్నదని నేను నమ్మిన చెట్టు, నిజానికి 22 లీటర్లు కూడా తాగడం లేదన్న మాట. రోగమని మందులు పోస్తూ వచ్చిన ఆ చెట్లు రెండు నెలలుగా దప్పికతో ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

ఆ మధ్యాహ్నమే ఫిల్టరు విప్పాను. బిగించిన నాటి నుంచి దాని మూత తీయడం అది మూడోసారో నాలుగోసారో. కింద ఉన్న డ్రెయిన్ వాల్వు తుప్పు పట్టి తిరగనే లేదు. క్లాంపు ఊడదీసి జల్లెడ బయటికి లాగితే, దాని మీద గోధుమ రంగు జిగురు పొర వేలి మందాన పేరుకుని ఉంది. నీళ్లు కొట్టి ఆ పొర పోగొట్టాక, జల్లెడ కళ్ల నిండా తెల్లటి సున్నం గట్టిపడి కనిపించింది. అసలు దెబ్బ మాత్రం పైఅంచు దగ్గర తగిలింది. అక్కడ ఉండాల్సిన రబ్బరు సీలు ఎండకు పెళుసెక్కి, ఒకచోట విరిగి, బొటనవేలి గోరంత సందు పడింది. జల్లెడ మూసుకుపోయేకొద్దీ నీళ్లు ఆ సందు వెతుక్కుని, వడకట్టకుండానే, ఇసుకతో, జిగురుతో సహా పైపుల్లోకి పోయాయి. పడమటి వైపు ఒక లేటరల్ (చెట్ల వరుస వెంట పరిచిన సన్న పైపు) చివర మడతపెట్టి తొడిగిన ఎనిమిది అంకె ఆకారపు బిళ్ల తీసి మోటారు వేయిస్తే, ఎర్రటి బురద నీళ్లు రెండు నిమిషాలపాటు ఆగకుండా వచ్చాయి. పదిహేను రూపాయలు కూడా చేయని ఒక రబ్బరు చుట్ట వల్ల ఆ ఏడాది పడమటి భాగంలో కాపు సగానికి పడిపోయింది, తొమ్మిది చెట్లు చచ్చిపోయాయి.

డ్రిప్పరు లోపల నీరు నడిచే దారి సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. అందులో ఏడో వంతు నుంచి పదో వంతు కంటే పెద్ద రేణువు ఏదీ లోపలికి పోకూడదన్నది ఈ పరికరాలు తయారుచేసేవారు పాటించే లెక్క. ఒక్క రేణువు దారిని మూయలేకపోయినా, పదీ పదిహేను రేణువులు ఒకదానికొకటి ఆనుకుని అడ్డుకట్ట వేస్తాయి కాబట్టి అంత జాగ్రత్త పడతారు. అందుకే మనకు ఇచ్చే జల్లెడ సాధారణంగా 120 మెష్ ఉంటుంది, అంటే దాని కన్ను 0.13 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత సన్నని జల్లెడ మన బోరు నీళ్లకు మూసుకుపోకుండా ఉండదు. మూసుకుపోయిందంటే అది తన పని తాను చేసిందని అర్థం. మన పని దాన్ని ఎప్పటికప్పుడు కడగడం.

ఎప్పుడు కడగాలో చెప్పడానికే ఫిల్టరుకు ముందొకటి, వెనకొకటి ప్రెషరు గేజీలు పెడతారు. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 0.2, 0.3 కిలోల లోపే ఉంటుంది. తేడా 0.5 కిలోలు దాటిందంటే మోటారు ఆపి జల్లెడ తీసి కడగాల్సిందే. నాలాంటి రైతుకు ఇంతకంటే సులువైన సూచన ఉండదు. కానీ మా ఊళ్లో ఇరవై ముప్పై తోటల్లో నేను చూసినంతవరకు రెండు గేజీలూ పనిచేస్తున్నవి మూడే. కొన్నిచోట్ల అద్దం పగిలి ముల్లు సున్నా దగ్గర నిలిచిపోయింది. కొన్నిచోట్ల గేజీ ఊడబెరికి ఆ రంధ్రానికి మేకు బిగించారు. చాలాచోట్ల మొదటి నుంచీ ఒక్క గేజీయే ఉంది, దానితో తేడా కనిపెట్టడం ఎలా సాధ్యం? పైగా, కరెంటు వచ్చే వేళకు రైతు మోటారు దగ్గర ఉండడం ఏనాడో పోయింది. ఆటో స్టార్టరు పెట్టుకుని ఇంట్లో ఉంటాం. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది, పోగానే ఆగుతుంది. వారం పది రోజులు ఎవరూ ఆ షెడ్డు వైపు పోని తోటలున్నాయి. ఆటో స్టార్టరు మాకు రాత్రి నిద్ర మిగిల్చిన మాట నిజమే. దానితోపాటు రోజూ ఒకసారి ఫిల్టరు ముఖం చూసే అలవాటు మాత్రం పోయింది.

ఫిల్టరు మూసుకుపోయి నీళ్లు తగ్గినప్పుడు మనవాళ్లు చేస్తున్న పని ఒకటి నాకు చాలా బాధ కలిగిస్తుంది. జల్లెడ తీసి షెడ్డు మూలన పడేసి, ఉత్త డబ్బా బిగించేస్తారు. వెంటనే నీళ్లు ధారగా వస్తాయి, సమస్య తీరిందనిపిస్తుంది. ఆ సీజను గడవకముందే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. అప్పుడు మేకు కాల్చి లేటరల్‌కు చిల్లులు పెడతారు. ఆ చిల్లుల నుంచి మొదటి చెట్లకు మడుగులు కడతాయి, చివరి చెట్లకు చుక్క అందదు. ఇది చూసినవారు డ్రిప్పు పనికిరాదంటారు, మళ్లీ పాదుల్లో పారించడం మొదలుపెడతారు. ఇలా చేసే రైతుల్ని తప్పుపట్టే ముందు, వాళ్లకు జల్లెడ కడగడం ఎవరైనా చేతిలో పెట్టి నేర్పించారా అని అడగాలి. నాకు డ్రిప్పు బిగించిన సంస్థ తాలూకు యువకుడు ఒక మధ్యాహ్నం వచ్చి, పైపులు పరిపించి, మోటారు వేసి నీళ్లు వస్తున్నాయని చూపించి, ఫొటో తీసుకుని, నా సంతకం తీసుకుని వెళ్లాడు. ఫిల్టరు మూత ఎలా తీయాలో అడిగితే, "అన్నీ పుస్తకంలో ఉన్నాయండీ" అన్నాడు. ఆ పుస్తకం హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది.

నీటిని బట్టి ఫిల్టరు ఉండాలన్న సంగతి కూడా రైతుకు తెలియజెప్పేవారు లేరు. బోరు నుంచి ఇసుక పడుతుంటే జల్లెడకు ముందు హైడ్రోసైక్లోన్ ఉండాలి. గరాటు ఆకారంలో ఉండే ఆ పరికరంలో నీరు సుడి తిరిగి, బరువైన ఇసుకను అంచుకు నెట్టి కింద ఉన్న డబ్బాలో పడేస్తుంది. ఆ డబ్బాను ఖాళీ చేస్తూ ఉంటే చాలు, అందులో కదిలే భాగమే లేదు. అయితే బోరు బాగా నీళ్లు ఇస్తున్న రోజుల్లో, దానికి తగిన సైజులో పెట్టిన హైడ్రోసైక్లోన్, నీళ్లు సగానికి పడిపోయాక సుడి తిరగదు. మా జిల్లాలో బోర్లు తగ్గని ఏడాది అరుదు కాబట్టి ఈ విషయం మాకు ముఖ్యమైనది. అప్పుడు ఇసుక నేరుగా జల్లెడ మీదికే వస్తుందని, పరికరం ఉండీ లేనట్టేనని చాలామందికి తెలియదు.

ఇంకొక మార్పు ఈ పది పదిహేనేళ్లలో వచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు గానీ, 2012లో జీడిపల్లి జలాశయం దాకా వచ్చిన హంద్రీ–నీవా కృష్ణా నీళ్లు గానీ చెరువులకు అందిన ఏడాది, రైతులు బోరు పక్కన పెట్టి చెరువు నీళ్లకు మోటారు వేస్తున్నారు. పంట సంజీవని పేరుతో తవ్విన కుంటల్లోనూ, ప్లాస్టిక్ కాగితం పరిచిన కుంటల్లోనూ నీళ్లు నిల్వ చేసి డ్రిప్పుకు వాడుతున్నారు. సంతోషించాల్సిన మార్పే ఇది. కానీ ఎండ తగిలే నిల్వ నీటిలో పాచి పెరుగుతుంది. పాచి మెత్తగా సాగుతుంది కనుక జల్లెడ కన్నులోంచి దూరిపోతుంది, దూరలేనిది జల్లెడను పది నిమిషాల్లో పొరలా కప్పేస్తుంది. దీనికి ఇసుక ఫిల్టరే సరైనది. బోరు నీళ్ల లెక్కతో జల్లెడ ఒక్కటే తీసుకున్న రైతు కుంట నీళ్లకు మారినప్పుడు, ఇసుక ఫిల్టరు కూడా కావాలని చెప్పేవారు లేరు, చెప్పినా దానికి మళ్లీ రాయితీ లేదు. ఒకసారి రాయితీ తీసుకున్న పొలానికి ఏడేళ్ల దాకా మరోసారి రాదన్న నిబంధన పైపులకు సబబే కావచ్చు, నీటి వనరు మారిన పొలంలో ఫిల్టరుకు కూడా దాన్నే వర్తింపజేయడం మాత్రం న్యాయం కాదు.

ఇసుక ఫిల్టరు ఉన్నవారు కూడా దాన్ని వెనక్కి కడగడం మరచిపోతున్నారు. వాల్వులు తిప్పి నీటిని కింది నుంచి పైకి పంపితే ఇసుక పొంగి, పట్టుకున్న మురికిని వదులుతుంది. బయటికి వచ్చే నీరు తేటపడే దాకా అలా వదలాలి. మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టదు. అలా చేయకపోతే లోపలి ఇసుక గడ్డకట్టి, మధ్యలో బొరియ పడి, నీరంతా ఆ బొరియ గుండా మురికితోనే దిగిపోతుంది. ఏడాదికి ఒకసారైనా మూత తీసి, చెయ్యి పెట్టి ఇసుక కలియబెట్టి, తగ్గినంత మళ్లీ పోయాలి. ఆ పోసే ఇసుక వంక ఇసుక కాకూడదు. గుండ్రటి వంక ఇసుకకు మురికిని పట్టుకునే గుణం తక్కువ, పైగా అందులోని సన్న మన్ను డ్రిప్పర్లలోకే పోతుంది. ఫిల్టరు కోసమే అమ్మే కోసుగా పగిలిన రాతి ఇసుక వాడాలి.

ఫిల్టరు దాటి పోయి లోపల గట్టిపడేది సున్నం. మా బోరు నీళ్లు మరగబెడితే గిన్నె అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. అదే పెచ్చు డ్రిప్పరు నోటి దగ్గరా కడుతుంది. దానికి యాసిడ్ వైద్యం ఉంది. బకెట్‌లో మన బోరు నీళ్లు కొలిచి పోసి, అందులో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ, పులుపు గుణం కొలిచే పీహెచ్ కాగితం 4 చూపించే దాకా ఎంత పట్టిందో లెక్కగట్టి, ఆ లెక్కన వెంచురీ (ఎరువులనూ మందులనూ డ్రిప్పు నీళ్లలోకి లాగే పరికరం) ద్వారా పంపించి, చివరి డ్రిప్పరు దగ్గర కూడా 4 వచ్చాక మోటారు ఆపి 24 గంటలు వదిలేయాలి. మర్నాడు లేటరల్ చివరలన్నీ విప్పి కడిగేయాలి. నీళ్లలో యాసిడ్ పోయాలే గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పాచికీ జిగురుకూ వాడే బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, కలిపితే ప్రాణం తీసే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఈ రెండు మాటలు ప్రతి ఫిల్టరు డబ్బా మీద తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో ఉండాలని నా కోరిక. బ్లీచింగ్ పౌడరును రాత్రే నానబెట్టి, అడుగున దిగిన సున్నం వదిలేసి పై తేట మాత్రమే వాడాలన్న జాగ్రత్త కూడా చాలామందికి తెలియదు.

ఎరువుల విషయంలో చేసే పొరపాటు కూడా ఇదే కోవకు వస్తుంది. ధర తక్కువని డీఏపీని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి డ్రిప్పులో పంపిస్తారు. ఎర్ర పొటాష్ కూడా అలాగే పంపిస్తారు. గుడ్డ దాటిన మడ్డి డ్రిప్పరును దాటదు. కాల్షియం నైట్రేటును భాస్వరం ఎరువుతో గానీ సల్ఫేటుతో గానీ ఒకే తొట్టిలో కలిపితే ముగ్గు పిండిలాంటి మడ్డి అక్కడికక్కడే దిగుతుంది. వెంచురీని జల్లెడ ఫిల్టరు తర్వాత బిగించిన తోటలు కూడా నేను చూశాను. అప్పుడు ఎరువులోని మలినాన్ని ఆపేది ఏదీ ఉండదు. అది ఎప్పుడూ జల్లెడకు ముందే ఉండాలి.

ప్రభుత్వానికి నా విన్నపం ఏమిటంటే, డ్రిప్పు బిగించినట్టు ధ్రువీకరించే రోజున, నీళ్లు వస్తున్నాయా లేదా అని చూడడంతో సరిపెట్టకుండా, రైతు తన చేత్తో ఫిల్టరు మూత తీసి, జల్లెడ కడిగి, సీలు సరిగా కూర్చోబెట్టి, మళ్లీ బిగించి చూపించిన తర్వాతే సంస్థకు చివరి బిల్లు చెల్లించాలి. అది చేసేది పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో వారు కాకుండా, నిజంగా మోటారు వేసేవారై ఉండాలి. మా ఊళ్లో చాలా ఇళ్లలో తోటకు నీళ్లు పెట్టేది ఆడవాళ్లు, కొన్నిచోట్ల కౌలుదారులు. శిక్షణ శిబిరానికి వెళ్లి భోజనం చేసి వచ్చేది మాత్రం పాసుపుస్తకం ఉన్న మగవాళ్లం. రెండు గేజీలు లేని ఫిల్టరును అసలు ఆమోదించకూడదు. రబ్బరు సీళ్లు, జల్లెడలు, గేజీలు, లేటరల్ చివరి బిళ్లలు రైతు సేవా కేంద్రంలో దొరికే ఏర్పాటు చేయాలి. నాకు ఆ రోజు కావలసిన సీలు కోసం అనంతపురానికి రెండుసార్లు తిరిగాను. మొదటిసారి ఆ సైజు లేదన్నారు, రెండోసారి ఫిల్టరు మొత్తం మార్చుకోమన్నారు. అమ్మకం తర్వాత కొన్నేళ్లు సంస్థే ఉచితంగా సేవ చేయాలన్న నిబంధనను ఎవరు, ఎప్పుడు, ఏ తోటలో పాటించారో రైతు సంతకంతో సహా ఊళ్లో అందరికీ కనిపించేలా పెట్టాలి.

తోటి రైతులకు నేను చెప్పగలిగింది నా అలవాటు మాత్రమే. ప్రతి సోమవారం, గురువారం కరెంటు వచ్చే వేళకు షెడ్డు దగ్గరికి పోతాను. గేజీలు చూస్తాను, తేడా ఉన్నా లేకున్నా జల్లెడ తీసి నైలాను బ్రష్షుతో కడుగుతాను. ఇనప బ్రష్షు జల్లెడను చింపేస్తుంది. నెలకొకసారి లేటరల్ చివరలు వరుసగా పదేసి చొప్పున విప్పి, తేట నీళ్లు వచ్చే దాకా వదులుతాను. పంట కోతలయ్యాక ఏడాదికి ఒకసారి యాసిడ్ పెడతాను. ఇదంతా కలిపినా వారానికి గంట కాలం పట్టదు. చచ్చిపోయిన తొమ్మిది చెట్ల చోట మళ్లీ అంట్లు నాటాను. కిందటి ఉగాదికి పడమటి గట్టు దగ్గర చివరి డ్రిప్పరు కింద గ్లాసు పెట్టి కొలిస్తే నిమిషానికి 125 మిల్లీలీటర్లు వచ్చాయి.

సంపాదకులకు మరొక్క మనవి. ఈ వేసవిలో మీ విలేకరులను ఏదైనా నాలుగు ఊళ్లకు పంపి, తోటకొక గ్లాసు పట్టించి, మొదటి డ్రిప్పరు దగ్గర ఎన్ని నీళ్లు వస్తున్నాయో, చివరి డ్రిప్పరు దగ్గర ఎన్ని వస్తున్నాయో కొలిపించి, ఆ అంకెలను మంజూరైన హెక్టార్ల అంకెల పక్కనే అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
నార్పల మండలం, అనంతపురం జిల్లా.